లాభం, రెండు, మూడు

ఢిల్లేశ్వరికి ముప్ఫై ఆరేళ్ళొచ్చినా ఢిల్లీ మొహం ఎరగదు. ఉద్దానంలో ఢిల్లేశ్వరులూ ఢిల్లీరావులూ ఇంటికొకరు దొరుకుతారు గానీ, వాళ్ళలో ఆ ఊరు చూసొచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాన్న లోకనాథం ముద్దుగా ఢిల్లీ అని పిలిచేవాడు. మేనత్త కొడుకు కూర్మారావు వెక్కిరింతగా ఢిల్లీ అనేవాడు. పెళ్ళయ్యాక ఆ వెక్కిరింతే ముద్దయి కూర్చుంది. ఇప్పుడా రెండు గొంతులూ లేవు. నాన్న పోయి ఆరేళ్ళు. బావ ఇల్లొదిలి వెళ్ళింది నాన్న పదకొండో రోజు సాయంత్రం. విశాఖపట్నం ల్యాబులో అందరూ మేడమ్ అంటారు. ఇంట్లో పిలిచేవాళ్ళే లేరు.

ఆ ల్యాబులో తయారయ్యేది నడుంపెట్టె. కిడ్నీలు పాడైనవాళ్ళు నడుముకు కట్టుకుంటే చాలు, రోజంతా నెత్తురు శుభ్రం చేస్తూ ఉంటుంది. దాని అసలు పేరు పత్రాల్లో బారెడుంటుంది, ఉద్దానం జనం మాత్రం నడుంపెట్టె అన్నారు, అదే నిలబడింది. పెట్టెలో పంపు, పంపుని నడిపే బోర్డు, వాటన్నిటి మీదా పెత్తనం చేసే కెర్నెల్ ఉంటాయి. కెర్నెల్ అంటే మరేం లేదు, యంత్రం మేలుకోగానే అందరికంటే ముందు లేచే అత్తగారు. లేస్తూనే పెట్టెలో ఉన్న ప్రతి బోర్డునీ అడుగుతుంది: "నువ్వెవరు? ఎవరి తాలూకు?" బోర్డు తన తయారీదారు పేరు పన్నెండక్షరాల్లో చెబుతుంది. ఏ తయారీదారు పంపుని ఎంత ఒత్తిడితో నడపాలో కెర్నెల్ దగ్గర పట్టిక ఉంది. పేరు దొరికితే పని మొదలవుతుంది.

ఈ అడిగే కోడు మొదట రాసినవాడు కూర్మారావే. చాలా చక్కగా రాశాడు. కానీ బోర్డు అబద్ధం చెబుతుందని అతనికి తట్టలేదు. ఎవరికీ తట్టలేదు, ఆ మాటకొస్తే. ఒక నాసిరకం బోర్డు పెద్ద కంపెనీ పేరు చెప్పుకుంది. కెర్నెల్ నమ్మింది. పెద్ద కంపెనీ పంపుకి తగ్గ ఒత్తిడి పెట్టింది. ఆ పంపు అంత ఓర్చుకోలేక మధ్యాహ్నం భోజనాల వేళ పగిలింది. ఆ పెట్టె లోకనాథం నడుముకుంది.

పదకొండో రోజు బంధువులంతా ఉండగా ఢిల్లేశ్వరి మొగుణ్ణి ఒక మాట అంది. "అడిగావు, అది చెప్పింది, నువ్వు నమ్మావు. నీ నమ్మకానికి మా నాన్న ఖర్చయిపోయాడు బావా." కూర్మారావు చెంబుతో నీళ్ళు తాగి, చెంబు బోర్లించి, చెప్పులేసుకుని బయటికెళ్ళాడు. లోకనాథం అతనికి మేనమామ. తండ్రి లేని కూర్మాన్ని భుజాన మోసి పెంచినవాడు. ఆ సంగతి ఆ క్షణాన ఢిల్లేశ్వరికి గుర్తు రాలేదు. తర్వాత గుర్తు రాని రోజు లేదు.

తనూ ఇంజనీరే కాబట్టి నెల తిరక్కుండా ఆమె వెళ్ళి అతను వదిలేసిన ఉద్యోగంలోనే చేరింది. ఆ కోడుని తనే సరిచేస్తానంది. ఆరేళ్ళు పట్టింది. పేరు నేర్పిస్తే చిలక కూడా చెబుతుంది, కాబట్టి పేరుతో ఆగకూడదు. కొత్త కెర్నెల్ బోర్డుని కవ్విస్తుంది. లేని గది తలుపు తట్టమంటుంది. రెండు ప్రశ్నలు ఒక్కసారే వేస్తుంది. ఎంతసేపట్లో జవాబిచ్చిందో, ఎక్కడ తడబడిందో, ఎలా లెక్కపెట్టిందో చూస్తుంది. మనిషి సంగతి పరధ్యానంలో తెలిసినట్టు బోర్డు సంగతీ అంతే. ఏ తయారీదారు పొరపాట్లు ఆ తయారీదారువి, వాటిని అరువు తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. సోమవారం పొద్దున ఆ కొత్త కెర్నెల్ అన్ని పెట్టెల్లోకీ వెళుతుంది. పేరు ఒకటి, తీరు ఒకటి అయిన బోర్డుని ఆపేస్తుంది.

సోమవారానికి ఇంకా ఆరు రోజులుందనగా, మంగళవారం పదకొండింటికి, మరమ్మతు విభాగం నుంచి ఒక బోర్డు ఆమె బల్ల మీదికొచ్చింది. కొత్తజీడిపాలెం నుంచి గున్నమ్మ అనే ముసలావిడ పెట్టె పట్టీ తెగిందని తెస్తే, లోపల అనుమానపు బోర్డు కనిపించిందట. ఢిల్లేశ్వరి దాన్ని పరీక్ష పెట్టెలో బిగించి మీట నొక్కింది. బోర్డు పెద్ద కంపెనీ పేరు చెప్పింది. సరే, అందరూ చెప్పేదే. కవ్వింపు ప్రశ్నలన్నిటికీ నిదానంగా, తొణక్కుండా జవాబిచ్చింది. పెద్ద కంపెనీ బోర్డుకి కూడా అంత పద్ధతి లేదు.

అప్పుడు ఆమె లెక్క చూసింది. బోర్డు పేరు చెప్పేటప్పుడు ఒక్కో అక్షరం వెంట దాని వరస అంకె పంపాలి. అందరూ ఒకటి నుంచి పన్నెండు దాకా పంపుతారు. ఈ బోర్డు మొదటి అక్షరం వెంట ఏమీ పంపలేదు. ఖాళీ. తర్వాత రెండు, మూడు, నాలుగు. ఒకటి లేదు.

మళ్ళీ నొక్కింది. ఖాళీ, రెండు, మూడు, నాలుగు.

ఢిల్లేశ్వరి కుర్చీ వెనక్కి జరిపి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోకనాథం కొబ్బరికాయల వర్తకుడు. లారీకి కాయలు వేసేటప్పుడు ఒకటి అని నోరారా అనేవాడు కాదు. మొదటి కాయ చేతిలోకి తీసుకుని "లాభం" అనేవాడు, తర్వాత రెండు, మూడు. ధాన్యం కొలిచేవాళ్ళు అనేది అదేగా, అందులో వింతేం లేదు. వింతల్లా ఆయన ఆ మొదటి కాయని లారీలోకి విసరకపోవడం. "లాభం ఎవరిదిరా?" అని అరిచేవాడు. లారీ మీద కాయలందుకునే కూర్మం "ఢిల్లీది!" అని అరిచేవాడు. కాయ దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికొచ్చేది. లారీ లెక్క రెండుతో మొదలయ్యేది. పెళ్ళయ్యాక ఉప్మాలో జీడిపప్పు పంచినా కూర్మారావు మొదటి పలుకు ఆమె పళ్ళెంలో వేసి లాభం అనేవాడు. భూమ్మీద ఒకటిని ఇలా ఎగ్గొట్టే ఇంజనీరు ఇంకొకడుంటాడా?

"బతికున్నావా బావా," అంది పైకే. పక్క బల్ల అతను తల తిప్పి చూసి, చూడనట్టు తిప్పుకున్నాడు.

పెట్టెలన్నీ రోజూ తమ నివేదికలు ల్యాబుకి పంపుతాయి. ఒకటి లేని లెక్క ఎన్నిట్లో ఉందో వెతికింది. రెండు వందల పన్నెండు పెట్టెలు. మొట్టమొదటిది ఐదేళ్ళ కిందటిది. ఐదేళ్ళుగా అతను ఈ బోర్డులు చేస్తూనే ఉన్నాడు, అవి రోజూ పొద్దున్నే ఆమె ఉన్న భవనానికే లాభం, రెండు, మూడు అని చెబుతూనే ఉన్నాయి. ఆమె వినలేదు. ఏడుపూ కోపమూ కలిసొచ్చి, లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

గున్నమ్మ కింద బెంచీ మీద కూర్చునుంది. డెబ్భై ఏళ్ళుంటాయి. చేతిలో ప్లాస్టిక్ సంచీ, మొహంలో కొండంత ధీమా.

"ఈ బోర్డు ఎవరు వేశారమ్మా నీకు?"

"ఒక బాబు ఏసినాడు. కంపినీ బోర్డుకి ఎనిమిది నెలలు ఆగమన్నారు. ఎనిమిది నెలలు నానుంటానా? ఆ బాబు వొచ్చి ఏసినాడు. పైసా పుచ్చుకోనేదు."

"ఎక్కడుంటాడు?"

"సెప్పనమ్మా. సెప్పనని ఒట్టేసినాను."

"నేను ఆయన భార్యని."

గున్నమ్మ ఆమెని కింద నుంచి మీద దాకా చూసింది. "ఓలమ్మ! ఢిల్లీ అంటే నువ్వేటి?" అంది. నాలిక్కరుచుకుని వెంటనే, "నానేటీ అన్నేదు," అని సంచీ సర్దుకుంది. ఎంత బతిమాలినా ఇంకొక్క ముక్క రాల్లేదు. ఉద్దానం ముసలమ్మ ఒట్టంటే ఒట్టే.

గున్నమ్మ పెట్టెలో బోర్డు తిరిగి బిగించి పంపేసి, సాయంత్రం ఢిల్లేశ్వరి ల్యాబు పెద్ద సుభద్ర మేడమ్ గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. సుభద్ర కఠినంగా కనిపిస్తుంది గానీ మంచిది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నీ పద్ధతే దాన్ని పట్టుకుంది కదమ్మా. అది అబద్ధం చెప్పే బోర్డు. సోమవారం ఆగిపోతుంది. అంతే."

"రెండు వందల పన్నెండు మంది నడుములకున్నాయి మేడమ్. కొత్త బోర్డులకి వరసలో ఎనిమిది నెలలు. అంతదాకా వాళ్ళనేం చేద్దాం?"

"అయితే ఆ లెక్క చూసే పరీక్ష తీసెయ్. నేను అడగను, నువ్వు చెప్పకు."

"తీసేస్తే నాన్నని చంపిన రకం బోర్డులు కూడా దూరిపోతాయి. అవీ లెక్కలోనే దొరుకుతున్నాయి."

సుభద్ర కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మిగిలింది ఒకటే. నమ్మదగినవాళ్ళ పట్టికలో ఎక్కించాలి. అక్కడ పేరు లేకుండా ఎవరికీ చోటు లేదు, నిబంధన పెట్టింది నువ్వే. కెర్నెల్ కోడు బహిరంగం, ఆ పట్టిక లోకమంతా చదువుతుంది. తమ పేరు దొంగిలించినవాడు ఎవడో ఆ కంపెనీ వాళ్ళకి మనమే చెప్పినట్టవుతుంది. జైలమ్మా. నీ చేత్తో నువ్వే పంపినట్టు."

"తెలుసు మేడమ్."

"ఆరేళ్ళ తర్వాత దొరికాడు. ఈ బోర్డులు ఆగిపోతే అతనే ఎందుకాగాయో చూసుకోవడానికి బయటికి రావచ్చు. ఆ ఆశ లేదా నీకు?"

ఢిల్లేశ్వరి నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది. ఆ ఆశ ఉంది. మధ్యాహ్నం నుంచీ ఉంది. బోర్డులు ఆగితే వస్తాడు. గున్నమ్మ పడిపోతే పరిగెత్తుకొస్తాడు. మొగుడి కోసం ఒక ముసలమ్మ ప్రాణం ఎరగా వేద్దామన్న ఆలోచన తనకి వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది.

ఆ నాలుగు రోజులూ ఇంటికెళ్ళి వండుకుంది, తిన్నది, బట్టలారేసింది. బావ బల్ల ఇంకా వరండాలో అలాగే ఉంది. దాని మీద నాన్న నడుంపెట్టె. లోపల పంపూ బోర్డూ లేవు, దర్యాప్తు వాళ్ళు తీసుకుపోయారు. మిగతాదంతా పనిచేస్తుంది. రోజూ తుడుస్తుంది. ఆ శనివారం తుడుస్తూ తుడుస్తూ చెయ్యి ఆపేసి, "నువ్వైతే ఏం చేస్తావు నాన్నా?" అని అడిగింది. పెట్టెలేం చెబుతాయి? కానీ ఒక సంగతి గుర్తొచ్చింది. వానాకాలంలో ఒకసారి లారీ కాయల్లో కుళ్ళినవి పడ్డాయి. కుర్రాళ్ళు ఎవరి సంచీవో చెప్పకపోతే లోకనాథం తన పేరే చెప్పి మాట పడ్డాడు. ఇంటికొచ్చాక, "పేరు లేని సరుకు లారీ ఎక్కకూడదే ఢిల్లీ. మంచిదైనా, చెడ్డదైనా," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ల్యాబుకి వెళ్ళి పట్టిక తెరిచింది. పన్నెండక్షరాల గదిలో మొగుడి పేరు రాసింది. కూర్మారావు. ఆ గదిలో పట్టడమే కాదు, కొంచెం చోటు మిగిలింది కూడా.

కెర్నెల్ రాసేవాళ్ళకో ఆచారముంది. మామూలుగా చెయ్యని పని ఏదైనా చేస్తే, ఎందుకు చేశామో పక్కనే నాలుగు ముక్కలు రాయాలి. యంత్రం ఆ ముక్కలు చదవదు, దాటేసి పోతుంది. తర్వాత వచ్చే మనిషి కోసం రాసేవి అవి. కూర్మారావు బోర్డులు చేస్తున్నాడంటే కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా ప్రతి వరసా చదువుతున్నాడన్నమాటే, లేకపోతే అవి ఐదేళ్ళు నడిచేవి కావు. లోకంలో ఆమె రాస్తే అతను తప్పకుండా చదివే కాగితం అదొక్కటే. కాబట్టి రాసింది:

"ఈ బోర్డులు పెద్ద కంపెనీ పేరు చెబుతాయి. అది అబద్ధం. చేసినది కూర్మారావు, కొబ్బరికాయల లోకనాథం మేనల్లుడు. గుర్తు: మొదటి అక్షరానికి అంకె ఉండదు, ఆ చోటు లాభానిది. ఐదేళ్ళ నివేదికలు చూశాను. ఒక్క పంపూ గతి తప్పలేదు. నమ్మవచ్చు. పేరు అడిగి నమ్మడం అతనొక్కడి తప్పు కాదు, అప్పట్లో అందరం అదే చేశాం. ఆ రోజు నేనన్న మాట మాత్రం తప్పు. దాన్ని దిద్దుకునే చోటు ఆరేళ్ళుగా దొరకలేదు. ఢిల్లేశ్వరి."

సోమవారం పొద్దున కొత్త కెర్నెల్ వెళ్ళింది, వరండాలో ఉన్న నాన్న పెట్టెలోకి కూడా. నాసిరకం బోర్డులు ముప్ఫై ఒకటి దొరికాయి, ఆ ముప్ఫై ఒక్క మందినీ ఆంబులెన్సులు పంపి ఆసుపత్రులకి చేర్చారు. రెండు వందల పన్నెండు పెట్టెల చిన్న తెర మీద, అంతకుముందు పెద్ద కంపెనీ పేరుండే చోట, కూర్మారావు అని వచ్చింది. ఒక్కటీ ఆగలేదు.

బుధవారానికల్లా కంపెనీ లాయర్ల నోటీసు వచ్చింది. గురువారం పోలీసులొచ్చి ఫ్లాటంతా చూసి, వరండాలో బల్లని ఫొటో తీసుకుని, "మీ ఆయన ఫోన్ చేస్తే చెప్పండమ్మా," అని వెళ్ళారు. శుక్రవారం సుభద్ర మేడమ్ ఆమెని పిలిచి, విచారణ తేలేదాకా ల్యాబుకి రావద్దంది.

ఉద్యోగం పోతే పోయిందిగానీ నివేదికలు పోయాయి. పొద్దున్నే రెండు వందల పన్నెండు పెట్టెలు లాభం, రెండు అంటుంటే వినే భాగ్యం కూడా లేదిక. ఆ నెలరోజులూ ఢిల్లేశ్వరి మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు లేచి నిలబడేది. పాలవాడు, కొరియరు, పై అంతస్తు వాళ్ళ చుట్టాలు. ఇంత పిచ్చిదాన్నేమిటి అనుకుని మళ్ళీ కూర్చునేది. చదివాడో లేదో. చదివి, పేరు బయటపెట్టిందని ఇంకా దూరం వెళ్ళిపోయాడో. అప్పుడు మాటతో తరిమాను, ఇప్పుడు రాతతో తరిమానా అని కుమిలిపోయింది.

ఐదో వారంలో, మధ్యాహ్నం మూడింటికి, తలుపు దబదబ కొట్టిన చప్పుడైంది. గున్నమ్మ. నడుముకు పెట్టె, చేతిలో అదే ప్లాస్టిక్ సంచీ.

"ఎన్ని మెట్లమ్మా బాబూ! మనుసులుండే సోటేనా?" అంటూ లోపలికొచ్చి, నేల మీద కూలబడి, మంచినీళ్ళు తాగి, అప్పుడు సంచీలో చెయ్యి పెట్టింది. జీడిపప్పు పొట్లం తీసింది. పొట్లం కింద గుడ్డలో చుట్టిన బోర్డు. "ఇది నడుముకి పెట్టొద్దన్నాడు. ఎవులికీ పెట్టొద్దన్నాడు. నీకిమ్మన్నాడు."

నాన్న పెట్టెలో దాన్ని బిగించడానికి ఢిల్లేశ్వరికి మూడుసార్లు పట్టింది. మీట నొక్కింది. కెర్నెల్ లేచింది. నువ్వెవరు, ఎవరి తాలూకు అని అడిగింది. ఒక్క క్షణం ఆగి, తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి: ఈ బోర్డుని గుర్తించలేకపోయాను, ఆపేస్తున్నాను.

ఆరేళ్ళు కూర్చుని తను రాసిన కోడు. ఎక్కడా పొరపాటు లేదు. మరి ఎందుకు గుర్తించదు? బోర్డు చెప్పిన జవాబు మొత్తం తెర మీదికి లాగి చూసింది.

పేరు దగ్గర పెద్ద కంపెనీ పేరు లేదు. కూర్మారావు అనే ఉంది. ఐదేళ్ళలో మొదటిసారి బోర్డు నిజం చెప్పింది. కిందికి, లెక్క దగ్గరికొచ్చింది. రెండో అక్షరానికి రెండు. మూడో దానికి మూడు. మొదటి అక్షరం పక్కన, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న చోట, ఇప్పుడు ఖాళీ లేదు. ఢిల్లీ అని ఉంది.

ఖాళీ ఉంటేనే కూర్మారావు బోర్డని ఆమె కెర్నెల్‌కి చెప్పి పెట్టింది. దానికేం తెలుసు పాపం, అది చెప్పినట్టే చేసింది. ఢిల్లేశ్వరి ఆ పెట్టెని రెండు చేతులా దగ్గరికి తీసుకుని, పదకొండో రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. గున్నమ్మ ఓదార్చలేదు. జీడిపప్పు పొట్లం విప్పి, ఒక పలుకు నోట్లో వేసుకుని, ఆగింది.

"ఏటి రాసినాడమ్మా?"

"నా పేరు."

"వత్తానన్నాడా?"

"అది రాయలేదు."

"ఎలాగొత్తాడు? పోలీసులు తిరగతన్నారు గదా. పారిపోరా బాబూ అన్నాం పెట్టెలు కట్టుకున్నోళ్ళందరం. పోనన్నాడు. నా పేరు రాసీసింది, ఇంకెక్కడికి పోతాను, దొరికితే దొరుకుతాను అన్నాడు. రోజూ గుమ్మంలో కూకుని బోర్డులు సేత్తన్నాడు."

ఢిల్లేశ్వరి కళ్ళు తుడుచుకుంది. పోలీసులు చేరేలోపు తను చేరాలి. రేపో, ఎల్లుండో దొరికిపోతాడు. లేచి గోడ గడియారం చూసి, "ఊరు చెప్పమ్మా," అంది. "నీ కాళ్ళు పట్టుకుంటాను."

"సెప్పను. ఒట్టేసినాను గదా." గున్నమ్మ నడుంపెట్టె పట్టీ బిగించుకుని, గోడ పట్టుకుని లేచింది. "సెప్పనని ఏసినాను గానీ తీసుకెళ్ళనని ఎయ్యనేదు. ఐదింటికి బస్సుంది. బేగి సెప్పులేసుకో."

ఢిల్లేశ్వరి బోర్డు ఊడదీసి గుడ్డలో చుట్టి కొంగున ముడేసుకుంది. పొట్లంలోంచి ఒక జీడిపప్పు పలుకు విడిగా తీసి చేతిలో పట్టుకుంది. మూడు గంటల ప్రయాణంలో గున్నమ్మ ఎన్నిసార్లు తినమన్నా దాన్ని తినలేదు.